మోకాలి నొప్పి, ఎక్సురే బొమ్మ: ఆచార్య పీటర్ క్రాఫ్ట్ పరిశోధనపై ఒక విమర్శ

మోకాళ్ళు నొప్పి అన్నవారికి మన వాడుకలో వెంటనే వచ్చే సమాధానము ఒకటే: “గుజ్జు అరిగిపోయినది.” వైద్యుడూ ఆ మాటే అంటాడు, ఇంట్లో పెద్దలూ ఆ మాటే అంటారు. మాట చిన్నదే గాని, దానిలో ఒక పూర్తి సిద్ధాంతము దాగి ఉన్నది. బండి ఇరుసు తిరిగి తిరిగి అరిగినట్లే కీలు కూడ వాడకము వలన అరుగునని, ఎంత అరిగితే అంత నొప్పి ఉండునని, అరిగినది మరల రాదు గనుక ఇక కాలు కదపకుండుటే మేలని ఆ సిద్ధాంతము మనకు చెప్పకనే చెప్పుతున్నది. ఈ మాట నమ్మి నడక మానుకొన్న వృద్ధులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కాబట్టి అది నిజమా కాదా అన్నది పండితుల తర్కము మాత్రమే కాదు.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతములో కీల్ విశ్వవిద్యాలయము ఉన్నది. అక్కడ చాలాకాలము ప్రాథమిక వైద్యరంగములో ఆచార్యుడుగా పనిచేసిన పీటర్ క్రాఫ్ట్, ఆయన సహచరులు కీళ్ళు, కండరములు, నడుము, వీటి నొప్పులను పరిశోధన విషయముగా తీసుకొన్నారు. ఈ నొప్పులను పెద్ద ఆసుపత్రిలో కాక, కుటుంబ వైద్యుల దగ్గరను, ఇళ్ళలోను వెదకి లెక్కించుట వారి పద్ధతి. ఆ కృషిలో గట్టిగా నిలిచినది ఏది, ఇంకా రుజువు కావలసినది ఏది అని తూచి చూచుట ఈ వ్యాసపు ఉద్దేశము.

కీలు లోపల ఏమున్నది?

ముందుగా విద్యార్థుల కొరకు కీలు నిర్మాణము నాలుగు మాటలలో చెప్పుకొందాము. మోకాలిలో కలిసే ఎముకల చివరలను నున్నని మృదులాస్థి పొర కప్పి ఉంచుతుంది. మన జనము గుజ్జు అనేది దీనినే. దీనిలో రక్తనాళములు లేవు, నరములూ లేవు. కీలులో ఉండే ద్రవమునుండే దీనికి ఆహారము అందవలెను. నడిచినప్పుడు పొర నొక్కుకొని, మరల వదులై, స్పాంజి నీటిని పీల్చినట్లు ఆ ద్రవమును పీల్చుకొంటుంది.

దీనినిబట్టి రెండు సంగతులు తెలుస్తున్నవి. మొదటిది, నరములే లేని మృదులాస్థి తనంతట తాను నొప్పి పుట్టించలేదు. నొప్పి దాని క్రింది ఎముకనుండి, కీలును చుట్టిన పొరలనుండి, చుట్టుప్రక్కల కణజాలమునుండి రావలెను. రెండవది, కదలిక లేకుండుట మృదులాస్థికి మేలు చేసే పని కాదు. ఆస్టియో ఆర్థ్రైటిస్ అనే వ్యాధిలో మృదులాస్థి ఒక్కటే కాదు, ఎముక, కీలు పొర, కండరములు అన్నీ మారుతవి. ఎముక అంచున కొత్త మొలకలు కూడ వస్తవి. ఇరుసు అరుగునే గాని కొత్త ఇనుమును మొలిపించలేదు. కాబట్టి అరుగుదల అనే మాట సగము నిజము మాత్రమే.

ఎక్సురే కిరణములకు మృదులాస్థి కనబడదు. రెండు ఎముకల నడుమ నల్లగా కనబడే సందును చూచి, అది ఇరుకైతే మృదులాస్థి తగ్గినదని ఊహిస్తారు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఈ సందును, ఎముక మొలకలను ఆధారము చేసుకొని 0 నుండి 4 వరకు అంతస్తులు నిర్ణయించినారు. పరిశోధకులు నేటికీ ఎక్కువగా వాడేది ఆ కొలబద్దనే.

బొమ్మ వేరు, బాధ వేరు

ఈ కొలబద్ద బాధను కూడ కొలుచునా? ఇదే ప్రశ్నను జాన్ బెడ్సన్, పీటర్ క్రాఫ్ట్ 2008లో వేసినారు. అంతకు ముందు వెలువడిన పరిశోధనలన్నిటినీ వెదకి, వాటి ఫలితములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినారు. మోకాలి నొప్పి ఉన్నవారిలో ఎక్సురే మార్పులు కనబడినవారు ఒక పరిశోధనలో నూటికి 15 మంది అయితే, మరొక దానిలో 76 మంది. తిరగవేసి చూస్తే, ఎక్సురే మార్పులు ఉన్నవారిలో నొప్పి ఉన్నవారు నూటికి 15 మొదలు 81 వరకు ఉన్నారు.

ఉపాధ్యాయులు తరగతిలో ఇక్కడ ఒక్క క్షణము ఆగవచ్చును. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లలలో లెక్కలలో మొదటి తరగతి వచ్చినవారెందరు అన్నది ఒక ప్రశ్న. మొదటి తరగతి వచ్చినవారిలో కళ్ళజోడు పెట్టుకొన్నవారెందరు అన్నది వేరొక ప్రశ్న. ఒకదాని జవాబు తెలిసినంతమాత్రాన రెండవదాని జవాబు తెలిసినట్లు కాదు. వైద్యములో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెంటినీ కలిపివేయుట వలననే వస్తవి. నొప్పితో వచ్చిన మనిషికి ఎక్సురే తీసి, మార్పు కనబడగానే “ఇదిగో కారణము” అనుట తేలిక. అదే మార్పు నొప్పి లేని పొరుగింటివాని మోకాలిలో ఉన్నదో లేదో ఎవరూ తీసి చూడరు.

ఐతే ఇక్కడ ఒక ఆక్షేపణ చెప్పవలెను. 15 నుండి 76 అనేది అతి వెడల్పైన వ్యవధి. ఎక్సురే ఏ కోణములలో తీసినారు, నొప్పి అంటే దేనిని లెక్కించినారు, పరీక్షించినవారి వయస్సెంత అన్న భేదముల వలన కూడ అంకెలు మారుతవి. ఈ సంగతి ఆ రచయితలే చెప్పినారు. కాని వారి తరువాత కొందరు ఒక అడుగు ముందుకు వేసి, ఎక్సురేకు నొప్పికి సంబంధమే లేదన్నట్లు మాట్లాడసాగినారు. అది సరి కాదు. 2009లో అమెరికాలో తుహీనా నియోగి మొదలైనవారు ఒక చక్కని ఉపాయము చేసినారు. ఒక మోకాలు నొప్పిగా ఉండి, రెండవది లేనివారిని మాత్రమే ఎంచుకొని, ఆ ఇద్దరి బొమ్మలు కాక ఒకే మనిషి రెండు మోకాళ్ళ బొమ్మలను పోల్చినారు. వయస్సు, బరువు, మనస్సు, ఓర్పు, అన్నీ రెండు మోకాళ్ళకూ సమానమే కదా! అట్లు పోల్చితే, నొప్పి ఉన్న మోకాలిలో ఎక్సురే మార్పులు గట్టిగా హెచ్చుగా కనబడినవి.

కాబట్టి సరియైన తీర్పు ఇట్లుండవలెను. ఎముక మార్పులకు, నొప్పికి సంబంధము ఉన్నది. కాని మనిషికీ మనిషికీ నడుమ ఇతర భేదములు ఎన్నో ఉన్నందున, ఒక బొమ్మను చూచి ఒక మనిషి బాధను చెప్పలేము. క్రాఫ్ట్ పక్షము ఈ రెండవ మాటలో నిలుస్తుంది, మొదటి మాటను కాదనదు. వైద్య ఆచరణ కూడ ఈ దారినే వచ్చినది. ఇంగ్లండులో ప్రమాణములు నిర్ణయించే నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారము, 45 ఏండ్లు దాటినవారికి కదలికతో కూడిన కీలునొప్పి ఉండి, ఉదయపు పట్టు అసలు లేకపోయినా, అరగంట మించకపోయినా, ఎక్సురే లేకుండానే ఈ వ్యాధిని నిర్ణయించవచ్చును. వాపు, వేడిమి, జ్వరము, దెబ్బ, రాత్రులు వదలని నొప్పి, ఇట్టివి ఉంటే సంగతి వేరు. అప్పుడు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

హాజరు పట్టీలో లేనివారు

క్రాఫ్ట్ పరిశోధనలలో అన్నిటికంటె మనస్సుకు పట్టేది 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. అది మోకాలిని గురించి కాదు, నడుమునొప్పిని గురించి. నడుమునొప్పితో వచ్చిన వారిలో నూటికి 90 మంది కొద్దికాలములోనే బాగుపడుదురని వైద్యులు అప్పట్లో నమ్మేవారు. ఆ నమ్మకమునకు ఆధారము ఏమిటి? వచ్చినవారు మరల రాకపోవుటే.

మాంచెస్టరు దక్షిణ ప్రాంతములో కొత్తగా నడుమునొప్పితో కుటుంబ వైద్యుని వద్దకు వచ్చిన 463 మందిని ఈ పరిశోధకులు గమనించినారు. వారిలో 275 మంది ఒకేసారి వచ్చినారు. మరి 150 మంది మూడు నెలల లోపల మాత్రమే మరల వచ్చినారు. అంటే 425 మంది, నూటికి 92 మంది, మూడు నెలల తరువాత వైద్యుని గడప తొక్కలేదు. పాత నమ్మకము ప్రకారము వీరందరూ బాగుపడినట్లే. కాని పరిశోధకులు వారిని వెదకుకొంటూ వెళ్ళి అడిగినారు. మూడు నెలలకు 188 మందిని అడిగితే, నొప్పి గాని ఇబ్బంది గాని లేక పూర్తిగా బాగుపడినవారు 39 మంది. సంవత్సరము తరువాత 170 మందిని అడిగితే, అట్టివారు 42 మంది, నూటికి 25 మాత్రమే.

బడికి రావటము మానివేసిన పిల్లవాని పేరు హాజరు పట్టీలోనుండి కొట్టివేసినంతమాత్రాన వాడు పరీక్ష ప్యాసయినాడని ఏ ఉపాధ్యాయుడూ అనడు. వైద్యులు మాత్రము చాలాకాలము అట్లే అన్నారు. రోగి రాకపోవుటకు కారణములు ఎన్నైనా ఉండవచ్చును. మందు పని చేయలేదని రాకపోవచ్చును. ఇది ఇంతేనని సరిపెట్టుకొని రాకపోవచ్చును.

ఈ పరిశోధనలోనూ ఒక లోపము ఉన్నది. అడిగినది అందరినీ కాదు. బాధ ఉన్నవారే మాట్లాడుటకు ముందుకు వచ్చి ఉండవచ్చును గదా అని శంకించవచ్చును. మనమే లెక్క చూద్దాము. సంవత్సరము తరువాత అడిగిన 170 మందిలో 42 మందిని తీసివేస్తే 128 మందికి ఏదో ఒక బాధ మిగిలి ఉన్నది. అడుగని వారందరూ నిక్షేపముగా ఉన్నారనే అనుకొందాము. మూడు నెలల తరువాత కూడ వైద్యుని వద్దకు వెళ్ళినవారు 463 మందిలో 38 మంది మాత్రమే. 38 కంటె 128 చాలా ఎక్కువ. అందుచేత నూటికి 25 అనే అంకె కొంత మారవచ్చును గాని, రాకపోవుట బాగుపడుట కాదనే నిర్ణయము మారదు. లోపమును ఒప్పుకొన్న తరువాత కూడ నిలిచే నిర్ణయమే శాస్త్రములో విలువైనది.

కీల్ వారి తరువాతి లెక్కలు కూడ ఈ దారిలోనివే. ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లో 50 ఏండ్లు దాటిన 7,878 మంది ఇచ్చిన సమాధానములు 2004లో వెలువడినవి. గడచిన నాలుగు వారములలో ఏదో ఒక నొప్పి కలిగినవారు నూటికి 66 మంది. నొప్పి వలన రోజువారీ పనులకు ఆటంకము కలిగినవారు 38 మంది. విశేషమేమంటే, వయస్సుతో పెరిగినది నొప్పి ఉన్నవారి సంఖ్య కాదు, నొప్పి పనిని ఆపివేసిన వారి సంఖ్య. నొప్పి, అశక్తత, ఇవి రెండూ ఒకటి కావని, రెండవదానిని తగ్గించుటకు వేరే ప్రయత్నము కావలెనని దీనివలన తేలుతున్నది. ఇక 2001 నాటి ఒక సమీక్షలో పీట్, క్రాఫ్ట్ మొదలైనవారు చూపినట్లు, 55 ఏండ్లు దాటిన వారిలో నాలుగవ వంతు మందికి సంవత్సరములో విడువని మోకాలినొప్పి ఉంటుంది. వారిలో ఆ సంవత్సరము వైద్యుని అడిగేవారు ఆరుగురిలో ఒకరు మాత్రమే. ఆసుపత్రిలో కూర్చొని చూచేవానికి మిగిలిన ఐదుగురు ఉన్నట్లే తెలియదు.

ఏ రోగము అని కాదు, ఇకముందు ఏమగును?

ఈ లెక్కలనుండి క్రాఫ్ట్ ఒక పెద్ద మాటకు వచ్చినారు. 2015లో ఆయన మరికొందరు శాస్త్రజ్ఞులతో కలిసి వ్రాసిన వ్యాసములో, వైద్యమును ఎప్పుడూ రోగము పేరుతోనే మొదలుపెట్టవలెనా అని ప్రశ్నించినారు. రోగి వచ్చి కూర్చొనగానే “ఇతనికి ఏ రోగము?” అని అడుగుటకు మారుగా “ఇతని గతి ఇకముందు ఎట్లుండును? దానిని మనము ఎట్లు మార్చగలము?” అని అడుగవలెనని వారి వాదము. రోగగతి తెలియుటకు రోగము పేరు ఒక ఆధారము మాత్రమే. నొప్పి ఎంతకాలమునుండి ఉన్నది, ఎన్నిచోట్ల ఉన్నది, నిద్ర, దిగులు, భయము ఎట్లున్నవి, చేసే పని ఏమిటి, ఇవి కూడ ఆధారములే.

నొప్పులకు ఈ వాదము బాగుగా అతుకుతుంది. నడుమునొప్పితో వచ్చిన వారిలో చాలామందికి ఫలానా ఎముక, ఫలానా నరము అని కారణము చూపలేము. పేరు పెట్టలేని రోగమును చికిత్స చేయక వదలవలెనా? అక్కరలేదు, గతిని లెక్కగట్టి చికిత్స చేయవచ్చును అని క్రాఫ్ట్ జవాబు.

పరీక్షకు నిలిచినదెంత?

వాదము బాగున్నది. కాని శాస్త్రములో వాదము బాగుండుట చాలదు. కీల్ విశ్వవిద్యాలయములోని క్రాఫ్ట్ సహచరులు దీనిని పలుమార్లు పరీక్షకు పెట్టినారు. ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తగా నడవవలెను.

మొదటి పరీక్ష ఫలించినది. జొనాథన్ హిల్ మొదలైనవారు తొమ్మిది ప్రశ్నల చిన్న పట్టికను తయారుచేసి, నడుమునొప్పి రోగులను తక్కువ, మధ్యమ, హెచ్చు ప్రమాదము కలవారని మూడు వర్గములుగా విభజించినారు. ఏ వర్గమునకు తగిన చికిత్స ఆ వర్గమునకు ఇచ్చినారు. 2011లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఈ పరీక్షలో 851 మంది పాల్గొన్నారు. అశక్తతను 24 మార్కుల కొలబద్దతో కొలిచినారు. నాలుగు నెలలకు కొత్త పద్ధతిలో 4.7 మార్కులు తగ్గగా, మామూలు పద్ధతిలో 3.0 తగ్గినవి. సంవత్సరమునకు 4.3, 3.3. ఖర్చు కూడ కొత్త పద్ధతిలోనే తక్కువైనది. మేలు నిజమే గాని, 24లో ఒక మార్కు, రెండు మార్కుల లోపు తేడా పెద్దది కాదని కూడ చెప్పుకోవలెను.

తరువాతి పరీక్షలు ఇంత అనుకూలముగా లేవు. 2018లో ప్రకటించిన ఒక పరీక్షలో మోకాలినొప్పి గల 514 మందికి మూడు విధముల వ్యాయామ చికిత్సలు ఇచ్చినారు. ఒకటి మామూలు ఫిజియోథెరపీ, ఒకటి మనిషికి తగినట్లు మార్చినది, ఒకటి వ్యాయామము విడువకుండ చేయించుటకు ఉద్దేశించినది. మూడు వర్గములూ కొంత బాగుపడినవి. వాటి నడుమ తేడా కనబడలేదు. అదే సంవత్సరము వెలువడిన మరొక పరీక్షలో 525 మంది ఆస్టియో ఆర్థ్రైటిస్ రోగులకు వైద్యులు, నర్సులు పద్ధతి ప్రకారము సలహాలు ఇచ్చునట్లు ఏర్పాటు చేసినారు. సలహాలు అందినవారు పెరిగినారు. ఆరు నెలలకు వారి శరీరారోగ్యములో మాత్రము తేడా లేదు. 2022లో నడుము, మెడ, భుజము, మోకాలు మొదలైన అన్ని నొప్పులకూ మూడు వర్గముల పద్ధతిని 24 వైద్యశాలలలో పరీక్షించినారు. నొప్పి తగ్గుటలో మామూలు పద్ధతికంటె ఇది మెరుగని తేలలేదు.

దీనిని ఎట్లు అర్థము చేసుకొనవలెను? వరద వచ్చునని ముందుగా తెలియుట ఒక విద్య, కట్టను గట్టిపరచుట వేరొక విద్య. రోగగతిని ముందుగా చెప్పగలుగుటలో క్రాఫ్ట్ పక్షము గెలిచినది. ఆ గతిని మార్చగల చికిత్స చేతిలో లేనప్పుడు ముందుగా తెలిసినది అంతగా ఉపయోగించదు. వ్యాయామమునే తీసుకోండి. మోకాలి ఆస్టియో ఆర్థ్రైటిస్‌కు వ్యాయామము మంచిదని అన్ని సూచనలూ చెప్పుతున్నవి. 44 పరీక్షలను కలిపి చూచిన 2015 నాటి ఒక సమీక్షలో, చికిత్స ముగిసేనాటికి 100 మార్కుల నొప్పి కొలబద్దపై సుమారు 12 మార్కులు తగ్గినవి. రెండు మొదలు ఆరు నెలలు గడిచేసరికి ఆ మేలు సగమైనది. ఆ సమీక్షనే 139 పరీక్షలతో 2024లో సవరించినప్పుడు, ఈ మేలు రోగికి తెలిసేటంత పెద్దదా అన్న సందేహము మిగిలినది. కాబట్టి వ్యాయామమును దివ్యౌషధమని చాటుట శాస్త్రము కాదు. కాని నడక వలన కీలు అరిగి పాడగుననే భయమునకు ఆధారము లేదని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును.

ఒక సంగతి మెచ్చుకొనక తప్పదు. తమ సిద్ధాంతమునకు ప్రతికూలమైన ఫలితములను కూడ ఈ పరిశోధకులే, తమ పేర్లతోనే ప్రకటించినారు. గెలుపులు మాత్రమే వెల్లడించి ఓటములను పెట్టెలో దాచే అలవాటు వైద్యరంగములో లేకపోలేదు. అట్లు దాచి ఉంటే ఈనాడు మనము ఈ విమర్శ వ్రాయుటకు అంకెలే దొరకేవి కావు.

మనకు పనికివచ్చునా?

కీల్ పద్ధతికి పునాది బ్రిటన్‌లో 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ. అక్కడ దాదాపు ప్రతి మనిషి పేరు ఒక కుటుంబ వైద్యుని పట్టికలో ఉంటుంది. ఆ పట్టికనుండి పేర్లు తీసి, టపాలో ప్రశ్నపత్రములు పంపుట సులభము. మనకు అట్టి పట్టిక లేదు. కాని దారి లేకపోలేదు. 1996లో మహారాష్ట్రలోని పుణె జిల్లా భిగ్వాన్ గ్రామములో అరవింద్ చోప్రా మొదలైనవారు ఇంటింటికి వెళ్ళి కీళ్ళ నొప్పులను లెక్కించినారు. పద్ధతి వేరైనా సూత్రము ఒకటే. ఆసుపత్రికి వచ్చినవారిని కాదు, ఊరిలో ఉన్నవారిని లెక్కించవలెను.

ప్రశ్నలు కూడ మారవలెను. మోకాలి బాధను కొలుచుటకు పాశ్చాత్యులు వాడే ప్రశ్నపత్రము మెట్లు ఎక్కుట, కుర్చీలోనుండి లేచుట, స్నానపు తొట్టిలోనికి దిగుట మొదలైనవి అడుగుతుంది. బాసిపట్లు వేసుకొని భోజనమునకు కూర్చొనుట, గొంతుక్కూర్చొని పని చేయుట, నాట్లలో గంటల తరబడి వంగి ఉండుట మన ప్రశ్నలు. ఈ పనులు చేయలేకపోయిన మనిషి కష్టము ఆ ప్రశ్నపత్రములో కనబడదు. క్రాఫ్ట్ చెప్పినట్లు నొప్పికంటె అశక్తతయే ముఖ్యమైతే, ఏ పనికి అశక్తత అన్నది ఆయా దేశములవారే నిర్ణయించుకొనవలెను.

మొత్తముమీద మా తీర్పు ఇది. మనుష్యులను వారున్న చోటికి వెళ్ళి లెక్కించుట, బొమ్మనూ బాధనూ వేరు చేయుట, రాకపోవుటను బాగుపడుటగా భ్రమించకుండుట, ఈ మూడింటిలో క్రాఫ్ట్ కృషి గట్టిది, చాలాకాలము నిలిచేది. రోగగతినిబట్టి వర్గములు చేసి చికిత్స చేయవలెనన్న భాగము నడుమునొప్పి విషయములో కొంత ఫలించినది, తక్కిన నొప్పుల విషయములో ఇంకా రుజువు కాలేదు. ఉపాధ్యాయులు ఈ రెండు భాగములనూ కలిపి పిల్లలకు చెప్పితే మంచిది. ఇంటివద్ద ఎవరైనా గుజ్జు అరిగినదని మంచము పట్టబోతే, బొమ్మ మాట పక్కనపెట్టి, ఏ పని చేయగలుగుతున్నారు, ఏ పని చేయలేకపోతున్నారు అని అడిగి తెలుసుకొని, వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా నడిపించుట ఆ పిల్లలు కూడ చేయగలిగిన పని.